ఇరవై నాలుగ్గంటలు కారుకి, మనిషికి కాదు

ఈమధ్య ఒక ట్రైనింగులో స్లైడు మీద లె మాన్స్ రేసు కారు బొమ్మ పెట్టి, "డెడికేషన్ అంటే ఇదీ, ఇరవై నాలుగ్గంటలూ ఆగకుండా" అని ఉపన్యాసం దంచారు. రిలీజు ముందు రోజు రాత్రి ఇంటికెళ్ళి పడుకున్నవాడు ద్రోహి అన్నమాట! అక్కడ నోరు మూసుకున్నాను గానీ, ఆ రేసుని కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి ఇక్కడ చెప్పేస్తాను. ఆ బొమ్మ పెట్టినాయన రేసు చూసుండడు.

2024 జూన్‌లో ఆన్‌సైట్ పనిమీద పారిస్‌లో ఉన్నాను. అక్కణ్ణుంచి వేగం బండెక్కితే గంటలో లె మాన్స్. శనివారం సాయంత్రం నాలుగింటికి జిదాన్ జెండా ఊపాడు, 62 కార్లు బయల్దేరాయి. ఉన్నమాట చెప్పాలంటే మొదటి రెండు గంటలూ నాకు విసుగే. ట్రాకు చుట్టూ 13.6 కిలోమీటర్లు. మనం నుంచున్న మలుపు దగ్గరికి కారు ఇలా వచ్చి అలా పోతుంది, మళ్ళీ మూడున్నర నిమిషాలకి గానీ రాదు. ఎవరు ముందున్నారో పక్కవాణ్ణి అడగాల్సిందే. వాడికి ఇంగ్లీషు రాదు, నాకు ఫ్రెంచి రాదు.

చీకటి పడ్డాక సంగతి వేరు. ముందు చెట్ల మీద వెలుగు పడుతుంది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడు చక్రాల లోపల ఎర్రగా కాలుతున్న డిస్కులు. కాడిలాక్ వస్తోందని చూడక్కర్లేదు, కడుపులోనే తెలిసిపోతుంది. తెల్లవారుజామున కుంభవృష్టి మొదలైంది. సేఫ్టీ కారు వెనక అన్నీ బారులు తీరి నాలుగ్గంటలకు పైగా నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి. ప్లాస్టిక్ కోటు కప్పుకుని స్టాండులో కూర్చుని వణుకుతూ నేను చూసింది ఎక్కువగా పిట్లనే.

అక్కడ అర్థమైంది. ఒక్కో కారుకి ముగ్గురు డ్రైవర్లు. ఏ ఆరు గంటలు తీసుకున్నా ఒకడు నాలుగ్గంటలకి మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. దాటితే శిక్ష. ఆగకుండా తిరిగేది కారు. మనిషి దిగుతాడు, నిద్రపోతాడు. దిగినవాడు ఎక్కేవాడికి బెల్టులు బిగించడంలో సాయం చేసి, కారు ఎలా ఉందో చెప్పేసి పోతాడు. మనం నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని రెండు వారాలు సాగదీసేదాన్ని వీళ్ళు టైర్లు మార్చేలోపు ముగిస్తారు.

ఈ రూల్సు మొదట్నుంచీ లేవు. 1950లో లూయీ రోసియే దాదాపు రేసంతా తనే నడిపాడు, కొడుక్కి ఇచ్చింది రెండంటే రెండు ల్యాపులు. గెలిచాడు కూడా. అదిగో, చూశారా అనకండి, 1952 సంగతి కూడా వినండి. పియెర్ లెవె అనే ఆయన భాగస్వామికి స్టీరింగే ఇవ్వలేదు. ఒక్కడే నడిపి, అందరికంటే చాలా ముందుండి, ఇంకా గంట చిల్లర ఉందనగా ఇంజిను పోగొట్టుకున్నాడు. మెర్సిడెస్ గెలిచింది. అలసటలో గేరు తప్పు వేశాడని చాలామంది అంటారు. ఇంజిన్లో ఏదో తేడా ముందే కనిపెట్టాననీ, ఇంకొకడి చేతికిస్తే కారు దక్కదని భయపడ్డాననీ ఆయన చెప్పుకున్నాడట.

నాకు ఈ రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఇలాంటివాడు మన ప్రతి ప్రాజెక్టులోనూ ఉన్నాడు. ఆ బ్యాచ్ జాబు ఎక్కడ తన్నుతుందో వాడికొక్కడికే తెలుసు, కాబట్టి రాత్రి మూడింటికి వాడికే ఫోను. పండక్కి ఊరెళ్ళినా బస్సులో లాప్‌టాపు. పైగా ఏడాది చివర స్టేజీ మీదకి పిలిచి చప్పట్లు. వాడు మొనగాడే, కాదన్ను. కానీ వాడు తప్ప దిక్కులేకుండా టీముని నడిపినవాళ్ళకి చప్పట్లు దేనికండీ?

ఆదివారం ఫెరారీ 50వ నంబరు కారు గెలిచింది, 14 సెకన్ల తేడాతో. ఆఖర్లో దాని తలుపు ఊడొచ్చేలా కొట్టుకుంటుంటే పిట్‌కి పిలిపించి వేయించారు. ఫ్యూకో, మొలీనా, నీల్సెన్ ముగ్గురూ పోడియం ఎక్కారు. ముగ్గురి మొహాల్లోనూ రాత్రి నిద్ర కాస్తో కూస్తో పట్టినట్టే ఉంది, నాకు తప్ప.

తిరిగొచ్చాక మా ఆన్‌కాల్ రోస్టరులో ఆ నాలుగ్గంటల లెక్క పెడదామని అడిగాను. "క్లయింటు ఒప్పుకోడు" అన్నారు. క్లయింటుని అడిగారా అంటే, అడగలేదట. మీ టీముల్లో ఎవరైనా ఇలాంటి లెక్క పెట్టించగలిగితే, ఎలా ఒప్పించారో కాస్త చెప్పండి.