రాగిరేకులపై వ్రాసిన మాట

సెలవుదినములు వచ్చినంతనే మన పట్టణముల నుండియు గ్రామముల నుండియు అనేక కుటుంబములు కేరళదేశమునకు యాత్ర సాగించుచున్నవి. శబరిమల దర్శించినవారును, గురువాయూరు సేవించినవారును తిరుగుదారిలో కొచ్చి రేవున ఒకటి రెండు దినములు నిలుచుట పరిపాటి యైనది. అక్కడ మట్టాంచేరిలో యూదుల పేట యను సన్నని వీధి కొసను గడియారపు గోపుర మొకటి కలదు. యాత్రికులు దాని క్రింద ఛాయాచిత్రములు తీయించుకొందురు. లోపల నేలపై పరచిన చీనాదేశపు నీలిపలకలను, పైన వ్రేలాడు గాజు దీపగుచ్ఛములను చూచి అబ్బురపడుదురు. వీధిలో మిరియములును ఏలకులును కొని మరలుదురు. ఇంతటితో యూదుల చరిత్ర నంతయు చూచితిమని తృప్తి నొందుదురు. ఆ తృప్తి యెంతవరకు యుక్తమో విచారించుటయే నేటి మా యుద్దేశము.

ఆ మందిరమునకు చెందిన సొత్తులలో మిక్కిలి విలువగలవి పలకలును గావు, దీపములును గావు. అవి రాగిరేకులు. క్రీస్తుశకము 1000 ప్రాంతమున చేరరాజగు భాస్కర రవివర్మ, తన యేలుబడియందు 38వ సంవత్సరమున, జోసెఫ్ రబ్బాను అను యూదు వర్తకశ్రేష్ఠునకు వట్టెళుత్తు లిపిలో చెక్కించి యిచ్చిన శాసన మది. పల్లకి, గొడుగు, భేరి, కాహళము, పగటి దీపము, నడచు దారిలో పరచు వస్త్రము, ఇంటి ముంగిట తోరణము మొదలగు 72 మర్యాదలను రాజు అతనికి ప్రసాదించెను, సుంకములు మన్నించెను. ఈ హక్కులు అతనికే గాక అతని సంతతికిని చెల్లవలెనని శాసించెను. వేణాడు, ఏరనాడు, వళ్ళువనాడు మున్నగు నాడుల ప్రభువులు సాక్షులై నిలిచిరి. సముద్రము దాటి వచ్చిన పరమతస్థునకు, వేరుభాష మాటలాడువానికి, స్వదేశీయులలో సహితము కొందరికే దక్కు గౌరవములను వ్రాతమూలకముగ నిచ్చిన రాజు యెంతటి విశాలహృదయుడు! 2017లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇజ్రాయేలు దేశమున కేగినపుడు ఈ రేకుల ప్రతిరూపములనే ఆ దేశపు ప్రధానికి కానుకగ నొసగుట సముచితముగ నుండెను.

యూదులు ఏనాడు ఈ తీరమునకు వచ్చిరో చెప్పు కథలు పెక్కు కలవు. సొలొమోను రాజు నాటి వాడలలో వచ్చిరని కొందరును, క్రీస్తుశకము 70లో జెరూసలేము ఆలయము పడగొట్టబడిన పిదప వచ్చిరని కొందరును చెప్పుదురు. కథలు ఎట్లున్నను, పెరియారు నది ముఖమునందలి కొడుంగల్లూరు వారి మొదటి నెలవు. 1341లో వచ్చిన మహాప్రవాహమున ఆ రేవు పూడిపోయి, కొచ్చి రేవు వృద్ధి నొందెను. వర్తకులును క్రమముగ అక్కడకు తరలిరి. కొచ్చంగాడిలో 1344లో కట్టిన మందిరము నేడు లేదు; దాని శిలాశాసనము మాత్రము మట్టాంచేరి మందిరపు గోడలో నున్నది. 1492లో స్పెయిను దేశము తన యూదుల నందరను వెడలగొట్టినపుడు ఆ నిర్వాసితులలో కొందరు ఈ తీరమును చేరిరి. వీరే పరదేశి యూదులు. 1560లో గోవాయందు పోర్చుగీసువారు మతవిచారణ న్యాయస్థానమును నెలకొల్పిన కాలమున, కొచ్చి మహారాజు తన కోట ప్రక్కనే యూదులకు స్థలమిచ్చెను. అక్కడ 1568లో వెలసినదే నేటి పరదేశి మందిరము. 1662లో పోర్చుగీసువారు దానిని ధ్వంసము చేసిరి. మరుసటియేడు డచ్చివారు కొచ్చిని గెలిచినంతనే అది మరల లేచెను. గడియారపు గోపురము 1760లోను, చీనాపలకలు 1762లోను వచ్చినవి. ఆ మందిరమునకు నాలుగువందల యేండ్లు నిండిన 1968లో ప్రధానమంత్రిణి ఇందిరాగాంధి ఉత్సవమునకు విచ్చేసెను. తపాలాశాఖ ప్రత్యేకపు బిళ్ళను వెలువరించెను.

ఈ చరిత్రను తలచుకొని మనవారు గర్వించుట సహజము. ఐరోపాయందు యూదునకు వీధి వేరు, గుర్తు వేరు, తుదకు చావును వేరుగ నిర్ణయింపబడుచుండ, ఇక్కడ రాజు తన భవనపు గోడ ప్రక్క చోటిచ్చెను. ఇది సత్యము. కాని సత్యము సంపూర్ణముగ చెప్పినప్పుడే శోభించును. 1524లో మిరియముల వర్తకమును గూర్చిన కలహమున కొడుంగల్లూరి యూదులపై దాడి జరిగి, వారి యిండ్లును మందిరములును తగులబడినవి. కావున ఈ దేశమున వారి కెన్నడును కీడు జరుగలేదనుట అతిశయోక్తి యగును.

ఇంతకంటె చింతింపదగినది మఱియొకటి కలదు. అతిథి మన యింట తినుటయే గాక మన యింటి దోషమును సహితము నేర్చుకొనెను. పరదేశి యూదులు తమకంటె బహుకాలము ముందు వచ్చిన మలబారు యూదులతో పెండ్లి సంబంధము లొల్లకుండిరి. తమ యిండ్లలో దాస్యము చేసి విముక్తి నొందినవారి సంతతిని మందిరమునందు తమతో సమముగ కూర్చుండనీయరైరి. 1520 ప్రాంతముననే కైరో నగరమందలి మహాపండితుడు దావీదు ఇబ్ను జిమ్రా, కొచ్చి నుండి వచ్చిన ప్రశ్నకు బదులు చెప్పుచు, విధిప్రకారము శుద్ధి నొందినవారు తక్కిన యూదులతో సమానులే యని తీర్పిచ్చెను. అయినను ఆచారము శాస్త్రమును మించెను. నాలుగువందల యేండ్లు ఆ తీర్పు కాగితముపైననే నిలిచెను. మన దేవాలయముల ద్వారములకడ జరిగిన చరిత్ర నెరిగిన మనకు ఇది క్రొత్త కథ యగునా?

ఆ గోడను కదల్చిన మహనీయుడు అబ్రహాము బరాకు సేలము. 1882లో జన్మించి 1967లో గతించిన యీ న్యాయవాది, అట్లు వెలియుంచబడిన కుటుంబమునందే పుట్టెను. కొచ్చి సంస్థానపు శాసనసభయందు సభ్యుడయ్యెను. పూర్ణస్వరాజ్యము తీర్మానించిన 1929 నాటి లాహోరు కాంగ్రెసునకు హాజరయ్యెను. దేశమునకు గాంధిమహాత్ముడు చూపిన మార్గమునే ఆయన తన మందిరమునందు ప్రయోగించెను. అవమానము సహించి లోనికి పోవుటకంటె పోకుండుట మేలని కొంతకాలము బహిష్కరించెను. పిమ్మట తన బిడ్డలతో వచ్చి శాంతముగ సమస్థానమును కోరెను. చేయి యెత్తలేదు, కోర్టుకెక్కలేదు. ఏండ్లు గడచినకొలది ఒక్కొక్క నిషేధమే సడలెను. "యూదుల గాంధి" యని జనులాయనను పిలిచిరి. నేడు మట్టాంచేరిలో ఆయన పేర వీధి కలదు. ఆ వీధిలో సుగంధద్రవ్యములు బేరమాడు మన యాత్రికులలో ఆ పేరు ఎవరిదని యడుగువా రెందరు?

మట్టాంచేరిని విడిచి పెరియారు తీరమునకు పోయిన యాత్రికునకు వేరొక లోకము కనబడును. పరవూరున 1616 నాటి శాసనముగల మందిరము, చేందమంగళమున పాలియత్తు అచ్చనుల ప్రాపున వర్ధిల్లిన మందిరము, రెండును కేరళపు ఇండ్లవలె ఎఱ్ఱరాతి గోడలతోను, పెంకుటి కప్పులతోను, చెక్కడపు మ్రానిపనితోను ఒప్పుచుండును. పాదరక్షలు విడిచి లోనికి పోవుట ఇచ్చటి యూదులును మనవలెనే పాటించిన ఆచారము. నడుమ పఠనవేదిక యొకటి యుండగా, పైయంతస్తున రెండవ వేదిక యుండుట కేరళ మందిరములకే ప్రత్యేకము. చేందమంగళమున కొలది దూరములోనే దేవాలయమును, క్రైస్తవుల చర్చియు, మసీదును, యూదుల మందిరమును చూడవచ్చును. ఆ మందిరపు ముంగిట సారా యను స్త్రీ సమాధిరాయి నిలిచియున్నది. దానిపై హెబ్రీభాషలో చెక్కిన సంవత్సరము మన లెక్కకు 1269. రాజుల పేర్లు రాగిపై నిలుచుట వింత గాదు. ఒక యిల్లాలి పేరు ఏడున్నర వందల యేండ్లు వానకు తడియుచు రాతిపై నిలిచినది.

మఱి ఆ జను లేరి? 1948లో ఇజ్రాయేలు రాజ్య మేర్పడిన పిదప, ముఖ్యముగ 1954, 1955 సంవత్సరములలో, వారు ఊరికి ఊరుగ తరలిపోయిరి. అప్పటికి వారందరు కలిసి రమారమి రెండున్నర వేలమంది. వారిని వెళ్లుమన్నవారు లేరు. శతాబ్దములుగ ప్రార్థనలలో తలచుకొన్న భూమి పిలిచినది, జీవనపు టిబ్బందులును తోడైనవి. వర్తకము తప్ప తెలియనివారు నెవాటీము వంటి యెడారి గ్రామములలో నాగలి పట్టి వ్యవసాయదారులైరి. స్త్రీలు తమ చేతివ్రాత పుస్తకములలో మలయాళపు పాటలను మూటగట్టుకొని పోయిరి. నేడు కొచ్చిలో మిగిలినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. పదుగురు పురుషులు కూడినగాని వారి సామూహిక ప్రార్థన జరుగదు. ఆ పదుగురు లేక ఆ మందిరము అనేక దినములు చూపరులకే మిగిలినది.

పోవుచు వారేమి చేసిరో వినుడు. మాళ యను గ్రామమునందలి యూదులు 1955లో తమ మందిరమును, సమాధిస్థలమును స్థానిక పంచాయతీ చేతిలో పెట్టి, వానిని కాపాడవలెనని ఒడంబడిక వ్రాయించుకొనిరి. వారు అమ్ముకొనలేదు, అప్పగించిరి. ఈ రెండు మాటలకు గల భేదము భూవసతిగల మన పాఠకులకు వివరింపనక్కరలేదు. పొరుగువాడు కాశికి పోవుచు తాళపుచెవి మనచేతి కిచ్చినచో అతని దొడ్డిని మన పొలములో కలుపుకొందుమా? ఆ సమాధిస్థలమున కొంతభాగము ఆటస్థల మగుట చూచి, నాటి ఒడంబడికను మరువనివారు నొచ్చుకొనిరి. మట్టాంచేరిలోనే కడవుంభాగపు ప్రాచీన మందిరము గిడ్డంగిగ మారి, మరమ్మతు లేక, 2019 వర్షములలో ముందుగోడ కూలినది. తెక్కుంభాగపు మందిరము అక్కడ జాడలేకపోయినది. పరవూరు మందిరపు మందసము జెరూసలేము నగరపు మ్యూజియమునకు పోగా, దాని నమూనా మాత్రమే స్వస్థలమున నున్నది.

మంచియు లేకపోలేదు. కేరళ ప్రభుత్వము ముజిరిసు వారసత్వ ప్రణాళికక్రింద పరవూరు, చేందమంగళము మందిరములను బాగుచేయించి ప్రదర్శనశాలలుగ తీర్చినది. ఎర్ణాకుళపు మార్కెట్టులో కడవుంభాగపు మరియొక మందిరమును యూదుడే యొకడు ముందుభాగమున మొక్కలు, రంగుచేపలు అమ్ముకొనుచు కాచెను. చేపల తొట్ల వెనుక తలుపు తీసిన శతాబ్దములనాటి మ్రానిపని కనబడును! సంపద లేనిచోట సంకల్పమైన నున్న కట్టడము నిలుచునని ఇది నిదర్శనము.

"బ్రతికియున్నవారికే బడులు, వైద్యశాలలు చాలకున్నవి, వెళ్లిపోయినవారి గోడలకు ధనమేల?" యని కొంద రడుగవచ్చును. ప్రశ్న తేలికైనది గాదు. కాని ఆ గోడలకు కావలసినది రాసులకొలది ధనము గాదు. ఏటేట పెంకు సరిచేయించుట, కాలువ తీయించుట, హద్దురాయి కదలకుండ చూచుట. అంతకుమించి, ఆ రాగిరేకులను విదేశములకు కానుకగ నిచ్చి గౌరవ మందినవారము మనమే. శాసనము పేర గౌరవము పుచ్చుకొని, శాసనము పెట్టిన భారము మాది గాదనుట యేటి న్యాయము? ఓట్లు లేనివాని యెడల, అడుగ వారసుడు లేనివాని యెడల జాతి నడచు తీరే దాని ధర్మమునకు ఒరగల్లు.

ఈ విచారము మలయాళదేశమునకే చెందినదని మన యాంధ్రులు ప్రక్కకు తొలగరాదు. కృష్ణాతీరమునందలి కొల్లూరు గనుల వజ్రములకై పదునేడవ శతాబ్దమున యూదు వర్తకులు చెన్నపట్టణమునకు వచ్చి కాపురముండిరి. 1688లో ఏర్పడిన చెన్నపట్టణపు కార్పొరేషనులో ముగ్గురు యూదులు సభ్యులుగ నుండిరి. వారి పగడములును వెండియు ఇటు వచ్చినవి, మన వజ్రములు అటు పోయినవి. మచిలీపట్టణమునను భీమునిపట్టణమునను డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. వాని నడుగ వచ్చు వారసులును లేరు. కొచ్చికి చెప్పు నీతి ముందుగ మన వాకిట వర్తింపజేయుట మనకు విధి.

కావున యాత్రికులకు మా విన్నపము స్వల్పము. మట్టాంచేరిలో ఒక గంట తగ్గించి పరవూరునకు, చేందమంగళమునకు, మాళకు పొండు. మందిరమున దేవాలయమునందువలె నిలువుడు. మిగిలిన వృద్ధులను వింతవస్తువులవలె చిత్రములు తీయకుడు. సేలముగారి కథను బిడ్డలకు చెప్పుడు. ప్రభుత్వములకును పంచాయతీలకును మా విన్నపము ఇంకను స్వల్పము: చేసిన ఒడంబడికను తీసి చదువుడు; సమాధిస్థలముల హద్దులు కొలిపించి రాళ్లు నాటుడు.

భాస్కర రవివర్మ రాజ్యము పోయినది, ఆయన నగరము పూడిపోయినది, జోసెఫ్ రబ్బాను సంతతి సముద్రము దాటినది. మిగిలినది ఇచ్చిన మాట యొక్కటే. దానిని రాజు రాగిపై వ్రాసెను, నిలుపుకొనవలసినవారము మనము.