బీరువాలో పడున్న పెళ్ళి

లక్షలు పోసి పెళ్ళి వీడియో తీయించుకుంటాం. కొన్నాళ్ళకి వెల్వెట్ డబ్బాలో తళతళలాడే డిస్కు చేతికొస్తుంది. "హై డెఫినిషన్ అండీ, బ్లూరే!" అంటాడు వీడియో ఆయన గొప్పగా. బావుంది. మరి దాన్ని దేంట్లో చూడాలి? ఇంట్లో ఆ ప్లేయరు లేదు. ఈనాటి ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే వుండటం లేదు. ఫోను సంగతి సరేసరి. పట్టుచీరల మధ్య కలరా వుండల వాసన పీలుస్తూ పడుంటుంది అమ్మాయి పెళ్ళి.

2006లో బజార్లోకొచ్చిన వస్తువది. మనం రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో సోనీవాళ్ళే ఆపేశారు. ఇంకా దేనికోసం ఆగటం?

అడిగితే వచ్చే జవాబు మనందరికీ కంఠతా వచ్చు. "అదంతా టెక్నికల్. నీకర్థం కాదులే. ఆదివారం చూస్తాను." ఆ ఆదివారం యే పంచాంగంలోనూ రాదు!

నాకు తెలియక అడుగుతాను, అంత అర్థం కానిది ఇందులో యేముంది? యెవరినైనా అడిగి, బయటనించి తగిలించే బ్లూరే డ్రైవు ఒక్కపూటకి తెచ్చుకుంటే సరి. డిస్కులో బీడీఎంవీ అనే ఫోల్డరు, దాని లోపల స్ట్రీమ్ అని మరోటి. పెళ్ళంతా అందులోనే వుంటుంది, ఎం2టీఎస్ అనే తోకతో. చాలా డిస్కుల్లో లోపలి బొమ్మ హెచ్.264 పద్ధతిలోదే, ఫోనుకీ, బ్రౌజరుకీ బాగా అలవాటైనదే. వాటికి కొత్తది పైనున్న డబ్బా మాత్రమే. దాన్ని ఎంపీ4 డబ్బాలోకి మార్చి, శబ్దాన్ని ఏఏసీ చేస్తే ఆడుతుంది. (బజార్లో కొన్న సినిమా డిస్కులకి తాళాలుంటాయి. వాటి జోలికి నేను పోవటం లేదు. మన డబ్బు, మన పెళ్ళి గురించే నా గొడవ.)

చిక్కల్లా బరువుతోనే. సెకనుకి 25 మెగాబిట్ల చొప్పున తీసిన వీడియో గంటకి 11 జీబీ దాటుతుంది. డల్లాస్‌లో వున్న కూతురు ఆన్‌లైన్‌లో చూడాలంటే దాన్ని తగ్గించాలి. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వుంది. 5 మెగాబిట్లకి దించితే గంట వీడియో రెండుంబావు జీబీలో సర్దుకుంటుంది. అందులో 'వెబ్ ఆప్టిమైజ్డ్' అన్నచోట టిక్కు పెడితే, ఫైలంతా దిగేదాకా కాచుక్కూర్చోకుండా బొమ్మ మొదలవుతుంది. తలంబ్రాలు పోసే చేతులచుట్టూ దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తే, 'డీఇంటర్లేస్' అన్నది పెట్టాలి. అంతే. పదహారు పళ్ళాల సారె సర్దే మనకి ఇదొక లెక్కా?

"ఇంత హంగామా యెందుకు, వాట్సాప్‌లో ముక్కలు పంపేస్తే పోలా? ఆ తర్వాత డిస్కు పారెయ్యి" అనే మహానుభావులతోనే అసలు నా తగాదా. పాలు కోవా చెయ్యొచ్చు. కోవాని మళ్ళీ పాలు చెయ్యగలరా? మా చెల్లెలి పెళ్ళిలో మా పిన్ని మంగళహారతి పాడింది. చివర్లో గొంతు జీరపోయి, కొంగుతో కళ్ళొత్తుకుని, మళ్ళీ అందుకుంది. పిన్ని ఇవాళ లేదు. ఆ జీర, ఆ కంటితడి పిండిపిండి పంపిన ముక్కలో మిగలవు. చూశాను, మొహం బదులు మసక మచ్చ వుంది. రోజూ వడ్డించుకోటానికి చిన్న గిన్నెలోకి తీసుకుంటామని ఆవకాయ జాడీ పారబోస్తామా? అసలు ఫైలు అలాగే హార్డ్ డిస్కులో వొకటి, వేరే ఇంట్లో ఇంకొకటి వుండాల్సిందే.

ఇక పెళ్ళిళ్ళు చెయ్యబోయే తల్లులు అడ్వాన్సు ఇచ్చేరోజునే రసీదు మీద రాయించుకోండి, డిస్కుతోపాటు ఎంపీ4 ఫైలు కూడా ఇవ్వాలని. దానికి వేరే డబ్బులడిగారా, చీరకి ఫాల్ కుట్టించేచోట ఆడే బేరం ఇక్కడా ఆడండి.