ఒకే ఊరు, ఒకే పీహెచ్‌డీ: ఒకరికి 24 లక్షలు, ఇంకొకరికి సున్నా

యాకుత్‌పురాలో ఎంఎంటీఎస్ ఎక్కితే నేరుగా ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో దిగొచ్చు. మా ఏరియా చెల్లి ఒకామె రెండేళ్లు అలాగే తిరిగి ఉస్మానియాలో ఎంకామ్ ఫస్ట్ క్లాస్‌లో పాసైంది. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ రాస్తోంది. పీహెచ్‌డీకి ఎందుకు అప్లై చేయలేదని అడిగితే, సీటు సంగతి తర్వాత చూద్దాం భాయ్, ఐదేళ్లు ఇంటికి రూపాయి తేకుండా ఎలా కూర్చోవాలి అంది. వాళ్ల అబ్బాది టైలరింగ్ పని. కింద ఇద్దరు తమ్ముళ్లు చదువుతున్నారు.

మన పిల్లలు రీసెర్చ్ దాకా ఎందుకు పోవడం లేదని మీటింగుల్లో తరచూ అడుగుతుంటారు. చదువు మీద ఆసక్తి లేదనో, ఆడపిల్లలకి త్వరగా పెళ్లిళ్లు చేస్తారనో జవాబు చెప్పేస్తారు. వాటికంటే ముందు ఒక లెక్క చూడాలి.

మూడు జేబులు

హైదరాబాద్‌లో ఒకే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్న ముగ్గురిని తీసుకుందాం.

మొదటి మనిషికి నెట్‌లో జేఆర్ఎఫ్ వచ్చింది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37 వేలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా 42 వేలు. రెండేళ్లకి 8.88 లక్షలు, మిగతా మూడేళ్లకి 15.12 లక్షలు. మొత్తం సరిగ్గా 24 లక్షలు. ఇంటి అద్దె అలవెన్సు దీనికి అదనం.

రెండో మనిషికి జేఆర్ఎఫ్ రాలేదు గానీ సెంట్రల్ యూనివర్సిటీలో సీటొచ్చింది. హెచ్‌సీయూ, మనూ, ఇఫ్లూ లాంటివన్నమాట. అక్కడ నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకి 8 వేలు ఇస్తారు. ఈ 8 వేలు పదేళ్లకి పైగా పెరగలేదు. అయినా మెస్ బిల్లుకి, బస్సుకి ఆసరా అవుతుంది.

మూడో మనిషి ఉస్మానియాలో ఉన్నాడు. జేఆర్ఎఫ్ లేదు. ఓయూ రాష్ట్ర యూనివర్సిటీ కాబట్టి ఆ 8 వేలు కూడా వర్తించవు. ఐసీఎస్ఎస్ఆర్ లాంటి సంస్థల ఫెలోషిప్పులు ఉన్నాయి గానీ, అవి దొరికేది కొద్దిమందికే. ఇఫ్లూ క్యాంపస్ ఓయూని ఆనుకునే ఉంది. గోడకి అటువైపు 8 వేలు, ఇటువైపు సున్నా.

మూసేసిన తలుపు

ఈ మూడో మనిషి కోసమే అన్నట్టు ఒకప్పుడు మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ ఉండేది. సచార్ కమిటీ నివేదిక తర్వాత 2009లో మొదలైంది. ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, జైనులు ఆరు వర్గాలకీ వర్తించేది. సెంట్రల్ అయినా స్టేట్ అయినా ఏ యూనివర్సిటీలో ఉన్నా ఫెలోషిప్ స్కాలర్ వెంటే వచ్చేది. అసలు ఉపయోగం అక్కడే ఉంది.

2022 డిసెంబర్ 8న అప్పటి మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభలో దీన్ని ఆపేస్తున్నట్టు చెప్పారు. వేరే పథకాల కింద కూడా మైనారిటీ విద్యార్థులకి సాయం అందుతోంది, ఇది వాటితో కలిసిపోతోంది అనేది కారణం. అప్పటికే ఎంపికైనవాళ్లకి గడువు దాకా ఇస్తారు, కొత్తవాళ్లకి లేదు.

ఆ కారణాన్ని లెక్క ప్రకారం చూస్తే నిలబడదు. ఒకే మనిషి రెండు ఫెలోషిప్పులు తీసుకోకూడదనే నిబంధన ఎలాగూ ఉంది. ఎవరైనా రెండు తీసుకుంటుంటే పేర్లు సరిచూసి ఒకటి ఆపొచ్చు, దానికోసం పథకాన్నే మూసేయక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి విడిగా నేషనల్ ఫెలోషిప్పులు ఉన్నాయి, ఉండాలి కూడా. ముస్లింలకి ఎస్సీ హోదా ఉండదు. కేంద్ర ఓబీసీ జాబితాలో లేని ముస్లిం విద్యార్థికి ఇక ప్రధానంగా మిగిలింది జేఆర్ఎఫ్.

కేంద్రం వారి ఉన్నత విద్య సర్వే ప్రకారం ముస్లిం విద్యార్థులు 2019-20లో దాదాపు 21 లక్షలు, 2020-21లో దాదాపు 19.2 లక్షలు. ఫెలోషిప్ ఆగకముందే, కరోనా ఏడాదిలోనే ఈ తగ్గుదల వచ్చింది. పడిపోతున్నప్పుడు చేయి అందించాల్సింది పోయి, ఉన్న చేయి తీసేశారు.

సీట్లు ఎక్కడ పోయాయి?

డబ్బు ఒక్కటే కాదు, గైడ్లు కూడా కావాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ కింద 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద నలుగురు స్కాలర్లే ఉండాలి. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. గైడ్ అంటే రెగ్యులర్ టీచరే అయి ఉండాలి. ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు లెక్చరర్లు లెక్కలోకి రారు.

అంటే ఒక డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ప్రొఫెసర్లు రిటైరై ఆ పోస్టులు ఖాళీగా ఉంటే 16 మంది స్కాలర్లకి చోటు పోయినట్టే. తెలంగాణ వచ్చాక రాష్ట్ర యూనివర్సిటీల్లో నియామకాలు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. ఉమ్మడి నియామక బోర్డు బిల్లుని 2022లో అసెంబ్లీ పాస్ చేస్తే అది గవర్నర్ దగ్గర ఆగిపోయింది. ఖాళీ పోస్టు వల్ల జీతం మిగులుతుందని ఆర్థిక శాఖ అనుకోవచ్చు. పోయిన సీట్లు మాత్రం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడవు.

33,333 రూపాయల మాట

ఇప్పుడు రాష్ట్రం చేయగలిగింది చూద్దాం. విదేశాల్లో పైచదువుకి వెళ్లే మైనారిటీ విద్యార్థికి తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల దాకా ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. మంచి పథకం, దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. అదే 20 లక్షలని 60 నెలలకి పంచితే నెలకి 33,333 వస్తుంది. అంటే ఒకరిని విదేశానికి పంపే ఖర్చుతో ఇక్కడ ఒక స్కాలర్‌ని ఐదేళ్లు దాదాపు జేఆర్ఎఫ్ స్థాయిలో పోషించొచ్చు. పోనీ నెలకి 8 వేలే ఇచ్చినా ఐదేళ్లకి అయ్యేది 4.80 లక్షలు. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏ ఫెలోషిప్పూ లేని పేద స్కాలర్లందరికీ, మతం చూడకుండా, ఇది ఇవ్వొచ్చు. అడగాల్సింది ఈ మాట.

మనవైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. నెట్ పేపర్, భాషా సబ్జెక్టులు తప్ప, ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలు అక్కడే వెనకబడుతున్నారు. పీజీ మొదటి ఏడాది నుంచే కోచింగ్ మొదలుపెట్టాలి. సెట్ పాసైతే లెక్చరర్ అర్హత వస్తుంది గానీ ఫెలోషిప్ రాదు. జేఆర్ఎఫ్ వయసు పరిమితిలో ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉంది. పీహెచ్‌డీలో 240 రోజుల మెటర్నిటీ లీవు, రెండేళ్ల అదనపు గడువు కూడా ఉన్నాయి. పెళ్లయితే చదువు ఆగాలని ఏ రూలూ చెప్పడం లేదు.

1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ యూనివర్సిటీ పెట్టినప్పుడు ఇంగ్లీష్ రాకపోవడం పైచదువుకి అడ్డు కాకూడదని ఉర్దూలో బోధన మొదలుపెట్టారు. పుస్తకాలు తర్జుమా చేయడానికే ఒక శాఖ పెట్టి ఖజానా నుంచి ఖర్చు చేశారు. అప్పటి అడ్డు భాష, ఇప్పటి అడ్డు నెల ఖర్చు. యాకుత్‌పురా చెల్లికి చదువు మీద ఇష్టం తగ్గలేదు. వచ్చే నెట్‌కి ఫీజు కడతానంటోంది, స్కూల్ జీతం పడ్డాక.