ర్యాంపు ఉన్నాది, లెక్కలో మనిషి లేడు

మన కాలేజీకి రోజూ ఎందరొస్తున్నారో హాజరు పట్టీ చెబుతుంది. మెట్ల దగ్గరే ఆగి వెనక్కి మళ్లిన వాళ్లెందరో ఏ పట్టీ చెబుతుంది?

పోయిన వేసవిలో, చక్రాల కుర్చీలో తిరిగే మిత్రుడితో శ్రీకాకుళంలో ఒక ఆఫీసుకి వెళ్లాను. మూడు మెట్లు, మొత్తం అడుగున్నర ఎత్తు. పక్కనే ర్యాంపు, దాని పొడవు ఆరడుగులు. దానికి అడ్డంగా రెండు మోటారు సైకిళ్లు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తితే గాని మావాడు లోపలికి చేరలేదు. లోపల గోడమీద సౌకర్యాల పట్టిక వేలాడుతోంది. అందులో "ర్యాంపు: ఉంది" అని రాసుంది. మావాడు చదివి నవ్వేశాడు.

"ర్యాంపు ఉన్నాదిరా బాబూ, లెక్కలో నానే లేను."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ర్యాంపుకి ఒక కొలత ఉంది. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. అనగా అక్కడ 18 అడుగులు కావాలి. ఆరడుగుల్లో కట్టింది ర్యాంపు కాదు, జారుడుబల్ల. కాని "ఉందా, లేదా" అని మాత్రమే అడిగే కాగితానికి ఆరుకీ పద్దెనిమిదికీ తేడా తెలీదు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. పాత ప్రజా భవనాలను ఐదేళ్లలో సరిచేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కనుక ఆ ఐదేళ్లూ 2022తోనే నిండాయి. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కోరగా హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారు దేశంలోని పరిస్థితిపై నివేదిక ఇచ్చారు. 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదు, తప్పనిసరి కావాలని కోర్టు తేల్చింది.

"నిధులేవీ?" అంటారు పెద్దలు. కట్టడానికి నిధులు కావాలి, ఒప్పుకుంటాను. కొలవడానికి ఒక టేపు చాలదా?

మన యూనియన్‌కి నా మనవి ఇది. ర్యాంపు పొడవు, తలుపుల వెడల్పు, మరుగుదొడ్డి, లైబ్రరీకి దారి, చూపులేని వారికి నోటీసు బోర్డు చదివి వినిపించే ఏర్పాటు, అన్నీ చూద్దాం. ముందు వికలాంగ విద్యార్థులు నడిపించాలి, టేపు వాళ్ల వెనక నడవాలి. ఏం లేదో, ఎవరు సరిచేస్తామన్నారో, ఏ తేదీకో రాసి, వచ్చే ఏటి సావనీరులో క్రీడా విజేతల జాబితా పక్కనే అచ్చువేద్దాం.

ఆ పట్టికలో "లేదు" అని పడితే సిగ్గుపడనక్కర్లేదు. లేనిదాన్ని "ఉంది" అని అచ్చేసుకుంటేనే సిగ్గు.