వైఫై 7 సంగతి తర్వాత, ముందు ర్యాక్‌కి చోటు చూడండి

ఏ రౌటర్ కొనాలి, ఏ స్విచ్ బెటర్ అని అడిగేవాళ్లు రోజూ కనిపిస్తారు. కొన్నాక దాన్ని ఎక్కడ బిగించాలి అని అడిగినవాళ్లను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు ఏలూరులో నర్సింగ్ హోమ్ అయినా, తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు ఆఫీసైనా, కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్టు మీద షెడ్డైనా, లోపలికి వెళ్తే గోడకి ఒక 6యూ లేదా 9యూ ర్యాక్ ఉంటోంది. అందులో స్విచ్, కెమెరాల ఎన్‌వీఆర్, ఫైబర్ బాక్స్, ఒక యూపీఎస్. దానికి చోటు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న దొరుకుతుంది: మెట్ల కింద, బాత్రూమ్ గోడకి, లేకపోతే చీపుర్లు పెట్టే మూలన. నా లెక్కలో మన ప్రాంతంలో సామాను ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది బ్రాండ్ కాదు, ఆ చోటే.

ఇందులో పోయేది నెట్ ఒక్కటే అనుకోకండి. చేపల చెరువైనా రొయ్యల చెరువైనా నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ టైంలో ఏరియేటర్ ఆగిపోతే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా సెన్సర్లు పెట్టుకుంటున్నారు. ఆ అలర్ట్ వెళ్లాల్సింది ఈ ర్యాక్ గుండానే. అది చచ్చిపోయి ఉంటే యజమానికి సంగతి తెలిసేది తెల్లారాక, చెరువు దగ్గరికి వెళ్లి చూసినప్పుడే.

మొదట నీళ్లు. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి, పట్టణాన్ని చుట్టుకుని కొల్లేరులో కలుస్తుంది. 2020 అక్టోబర్‌లో ఆ ఏరు పొంగి ఏలూరు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచింది అందరూ టీవీలో చూశారు. ఆ నీళ్లు ఆ తర్వాత వచ్చి చేరింది కూడా కొల్లేరులోకే. లంక గ్రామాలు మునిగాయి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదకి నీళ్లెక్కి రాకపోకలు ఆగాయి. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే కాబట్టి, వచ్చిన నీళ్లు అంత తొందరగా పోవు.

కాబట్టి ర్యాక్ ఎత్తు తేల్చడానికి ఇంటర్నెట్‌లో వెతక్కండి. ఆ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్న పెద్దాయన్ని అడగండి: "బాబాయ్, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గీతకి కనీసం రెండడుగుల పైన ర్యాక్ అడుగు భాగం ఉండాలి. యూపీఎస్, దాని ప్లగ్ పాయింట్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ర్యాక్‌ని ఆరడుగుల ఎత్తున బిగించి, యూపీఎస్‌ని మాత్రం నేల మీద వదిలేసిన చోట్లు నాకు తెలుసు. మేడ ఉంటే మొదటి అంతస్తే మేలు.

అలాగని టాప్ ఫ్లోర్‌కి పరిగెత్తకండి. మే నెలలో ఎండకి కాలిన స్లాబ్ కింద, పడమటి గోడకి తగిలించిన పెట్టెలో ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. ముందు పోయేది బ్యాటరీ. యూపీఎస్‌లో వాడే సీల్డ్ బ్యాటరీ ఆయుష్షుని 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడినుంచి పది డిగ్రీలు పెరిగితే సుమారు సగమైపోతుంది. పైన వాటర్ ట్యాంకు, పక్కన బాత్రూమ్ పైపు, నెత్తిన ఏసీ ఇండోర్ యూనిట్ లేని లోపలి గోడ చూసుకోండి. అది తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయ్యుండాలి. నాలుగున్నర అంగుళాల పార్టిషన్‌కి యూపీఎస్ ఉన్న ర్యాక్ తగిలించడం సాహసమే.

నీళ్ల కన్నా మొండి శత్రువు గాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. చెరువు అడుగున మేత, మలినాలు కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అదే, కుళ్లిన కోడిగుడ్డు వాసన. 2006లో యూరప్ సీసం వాడకం మీద ఆంక్షలు పెట్టాక చాలా సర్క్యూట్ బోర్డుల మీదకి సన్నటి వెండి పూత వచ్చింది. వెండికి గంధకం గాలి అస్సలు పడదు, ఇంట్లో వెండి గ్లాసు నల్లబడేది దానివల్లే. రాగికీ ఇదే గతి. దీనికి తేమ తోడైతే ఆ నల్లటి పొర పక్క తీగదాకా పాకి షార్ట్ చేస్తుంది. "స్విచ్ ఊరికే పోయింది" అని వారంటీకి పంపే కేసుల్లో కొన్నిటికి వెనక కారణం ఇదేనని నా అనుమానం.

ఇక ఏసీ. అందరూ 18లో పెట్టేస్తారు, అది తప్పు. వానాకాలంలో మన గాలి డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత, 25 డిగ్రీల దగ్గర ఆడుతూ ఉంటుంది. గదిని 18కి చల్లబరిచాక కరెంటు పోయి, ఎవరో తలుపు తీశారనుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే ర్యాక్ తలుపుకి, ప్యాచ్ ప్యానెల్‌కి చెమట పడుతుంది. 26 లేదా 27లో పెట్టి గది మూసి ఉంచితే చాలు. డేటా సెంటర్లకి కూడా 18 నుంచి 27 వరకు ఓకే అని అష్రే అనే అమెరికన్ ఇంజనీర్ల సంస్థ గైడ్‌లైన్ ఉంది.

అసలు ఇంత చిన్న ర్యాక్ పెద్ద వేడేమీ పుట్టించదు. స్విచ్, ఎన్‌వీఆర్, రౌటర్, ఫైబర్ బాక్స్, యూపీఎస్ నష్టాలు కలిపి 250 వాట్లు అనుకుంటే గంటకి 850 బీటీయూ. ఒక టన్ను ఏసీ 12,000 బీటీయూ లాగుతుంది. పీఓఈ స్విచ్ మీద 370 వాట్లు అని చూసి భయపడతారు గానీ, అందులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది కెమెరాల దగ్గర, గదిలో కాదు. అందుకే ఏలూరు టౌన్‌లో ఫిల్టర్ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సరిపెట్టొచ్చు. చెరువు గట్టు మీద మాత్రం వద్దు, ఆ ఫ్యాన్ బయటి గంధకాన్నే లోపలికి లాగుతుంది. అక్కడ మూసిన గది, చిన్న ఏసీ. గూడెం మిల్లుల్లో సమస్య వేరు: ఊక దుమ్ము, తవుడు. ఫిల్టర్ కడగడానికి ఒక మనిషికి బాధ్యత అప్పగించకపోతే ఏ ర్యాకైనా ఒకటే.

పిడుగుల సంగతి. షెడ్డు నుంచి ఇంటికి, గేటు నుంచి ఆఫీసుకి క్యాట్ 6 రాగి కేబుల్ లాగొద్దు. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగే దారి చూపిస్తుంది. భవనాల మధ్య ఫైబర్ వెయ్యండి, అదీ లోపల ఇనుప తీగ లేనిది. ఇంకోటి: మన ఎలక్ట్రీషియన్లు "కంప్యూటర్‌కి ఎర్త్ వేరే గొయ్యి" అంటారు. గొయ్యి వేరే తవ్వితే తవ్వండి, కానీ దాన్ని మెయిన్ ఎర్త్‌తో కలపాల్సిందే. కలపకపోతే పిడుగు టైంలో రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి మీ స్విచ్ మధ్యలో నలిగిపోతుంది. కొల్లేరు నేలలో తడి, ఉప్పు ఎక్కువ కాబట్టి ఎర్త్ రీడింగ్ మొదట్లో బాగానే వస్తుంది. అదే ఉప్పు జీఐ పైపుని తినేస్తుంది. ఏడాదికోసారి కొలిపించండి.

ర్యాక్ ముందు మనిషి నిలబడి తలుపు పూర్తిగా తీయడానికి మూడడుగులు వదలండి. బయటి కేబుల్ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. కన్నాన్ని ఫోమ్‌తో మూసేయండి. బల్లులకి వెచ్చటి పవర్ సప్లై అంటే మహా ఇష్టం.

ఇప్పటికే గ్రౌండ్ ఫ్లోర్‌లో బిగించేశారా? మార్చే వీలు లేకపోతే, ర్యాక్ దగ్గర ప్రతి కేబుల్‌కి మూడు మీటర్లు అదనంగా చుట్టి ఉంచండి. తమ్మిలేరు గంటల్లో వచ్చేస్తుంది గానీ, కొల్లేరు మెల్లగా ఎక్కుతుంది. ఎగువన ఎంత పొంగిందో వార్తల్లో విన్నాక టైం ఉంటుంది. నలుగురు స్క్రూలు విప్పి, పెట్టెను అలాగే ఎత్తి మేడ మెట్ల మీద పెట్టినా లింక్ తెగకూడదు. ఆ మూడు మీటర్ల కేబుల్‌కి అయ్యే ఖర్చు ఒక పూట బిర్యానీ అంత ఉండదు.