అక్క కథలు ఏ లైబ్రరీలో దొరుకుతాయి?

మొన్న క్యాంటీన్‌లో ఒక చర్చ జరిగింది. సెల్‌ఫోన్‌లో ప్రేమకథలు రాసేవాళ్ళకూ, చదివేవాళ్ళకూ సాహిత్యం ఏం తెలుసన్నాడొక మిత్రుడు. అందరూ నవ్వారు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ నవ్వాను. అట్లాంటి కథలు రాసినవాళ్ళలో మా అక్క ఒకతె.

మాది అన్నోజిగూడ. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డున పోతే ఘట్‌కేసర్‌కు ముందు వస్తుంది. 2010 ప్రాంతంలో ఇంటర్ అయిపోయి అక్క ఇంటిపట్టునే ఉండేది. బోరు మోటరు మెకానిక్‌తో మాట్లాడేందుకు నాయిన కొన్న చిన్న మీటల ఫోను, రాత్రయితే అక్క చేతికి వచ్చేది. ఒక్కో అక్షరానికి మీటను రెండు మూడుసార్లు నొక్కి, ఇంగ్లీషు లిపిలో తెలుగు కథ రాసి ఏదో సైటులో పెట్టేది. తెల్లారి బాలెన్సు లేకపోతే నాయిన కంపెనీవాణ్ణి తిట్టేవాడు. పాపం, కంపెనీవాడు!

ఇంగ్లీషు లిపి ఎందుకని ఎద్దేవా చేసేవారికి సైన్సు విద్యార్థిగా ఒక లెక్క చెబుతాను. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ‘ప్రేమ’ అనే మాటకు ప, పొల్లు, ర, ఏత్వం, మ అని ఐదు గుర్తులు. వెబ్‌పేజీల్లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 15. ఇంగ్లీషు లిపిలో అదే మాట 5 బైట్లతో సరి. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషువి 160 అక్షరాలు పడితే తెలుగువి 70 గుర్తులే. కిలోబైట్ల లెక్కన డబ్బు కోసే రోజుల్లో మాతృభాషలో ప్రేమకు మూడింతల బరువన్నమాట! పైగా అలాంటి ఫోన్లలో తెలుగు ఫాంటు లేక డబ్బాలు కనబడేవి. ఒపేరా మినీలో అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకునే సెట్టింగు ఒకటి దాగి ఉండేది. దాన్ని అక్క ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. బీఎస్సీ చదవని మనిషి.

కథలు గొప్పవని నేననను. హీరో కారు దిగనిదే కథ కదలదు. మడిలో కాలు పెట్టిన హీరో ఒక్కడూ లేడు. ఇదేమిటని అడిగితే, “మడి రోజూ చూస్తనే ఉన్న. కథల గూడ అదే చూడాల్నా?” అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

యద్దనపూడి సులోచనారాణి గారి హీరోలను కూడా పెద్దలు ఇట్లాగే వెక్కిరించారు. అయినా ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో సినిమాలయ్యాయి. వారపత్రికల సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకున్న ఇళ్ళు ఎన్నో. మా పెద్దమ్మ ట్రంకుపెట్టెలో అట్లాంటిది ఒకటి ఇప్పటికీ ఉంది, మధ్యలో రెండు వారాలు లేకుండా. జపాన్‌లో ఫోన్‌లో మొదలైన ‘కొయిజోరా’ 2006లో పుస్తకమైంది, 2007లో సినిమా అయింది. ఆ ఏడు అక్కడ బాగా అమ్ముడైన పది నవలల్లో ఐదు ఫోన్‌లో పుట్టినవే.

మరి అక్క కథలు? సైటు మూతపడింది. నేరుగా ఫోన్‌లోనే కొట్టింది కాబట్టి కాగితం లేదు. 2014లో ప్రతిలిపి వచ్చాక తెలుగు లిపిలో హాయిగా రాసుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారు, సంతోషమే. వాళ్ళ ముందటివాళ్ళ సంగతే ఎవరికీ పట్టలేదు. తెలుగు శాఖ అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. తాళపత్రాలు వెతకండి, వద్దనను. కాని పాత ఫోన్ల మెమరీ కార్డులు కూడా అడిగి చూడండి. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల ఇళ్ళల్లోనూ ఉండవచ్చు, భార్యవో, చెల్లెలివో.

సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు మొదటి కథ చెప్పమన్నాను. మూడో భాగం దాకా చెప్పేసరికి పిల్లవాడు లేచి ఏడ్చాడు. “మిగిలింది యాదికి లేదు తమ్మీ, నువ్వే రాసుకో” అంటూ లేచిపోయింది. ఆ మూడు భాగాలూ నా కెమిస్ట్రీ రికార్డు చివరి పేజీల్లో రాసిపెట్టాను.