వయస్సు లెక్కా, శవాల లెక్కా?

మా కళాశాల అధ్యాపకుల గదిలో గత నెలలో వొక తగాదా జరిగింది. దానికి కారకుణ్ణి నేనే. మా తొమ్మిదేళ్ళ అబ్బాయిని వొక గూఢచారి చిత్రానికి తీసుకువెళ్ళానని నోరు జారాను. ఆ చిత్రానికి సెన్సారువారు వేసిన గుర్తు యు/ఏ 16+. గేటు దగ్గర టిక్కెట్లు చూసిన కుర్రాడు మావాడి ముఖం వైపు కూడా చూడలేదు.

కామర్సు మేష్టారు వెంటనే తీర్పు చెప్పేశారు. "యిందులో చర్చకేముందండీ? పదహారని అచ్చువేసి వుంది. మీవాడికి తొమ్మిది. తప్పు మీది." ఫిజిక్సు మేడమ్ గారు నా పక్షాన నిలిచారు. "మా తమ్ముళ్ళు వీధి నిండా తుపాకులు పేల్చుకుంటూ పెరిగారు. వొక్కడైనా హంతకుడయ్యాడా? పిల్లలకు అదంతా ఆటే కదండీ" అన్నారు. యిద్దరూ నాకు కావలసినవారే. యిద్దరి వాదమూ తప్పేనని నా మనవి.

వారితో చెప్పని సంగతి వొకటి వుంది. ఆ రాత్రి మోటారుసైకిలు మీద యింటికి వస్తుంటే నా వీపు వెనకనుంచి మావాడు, "ముప్పై ఏడుగురు నాన్నా! హెలికాప్టరులో వాళ్ళని కలపలేదు" అన్నాడు. చచ్చినవాళ్ళ లెక్క అది. నేను నవ్వి వూరుకున్నాను. వారం తరువాత బడి దగ్గర వాడి తరగతి పిల్లవాడి తల్లి నన్ను ఆపింది. ఆ పిల్లవాడి పేరూ, చిత్రంలో దేశద్రోహి పేరూ దాదాపు వొకటే. ఆ పేరు గలవారు మా వీధిలోనే యిద్దరున్నారు. వొకాయన మా యింటికి మంచినీళ్ళ డబ్బాలు వేస్తాడు. వారంరోజులుగా మధ్యాహ్నపు ఆటలో చచ్చేవాడు ఆ పిల్లవాడేనట. చంపేవాళ్ళు వంతులు మారుతున్నారు. చచ్చేవాడు మారడం లేదు. "మావాడు బడికి రానంటున్నాడు సార్" అన్నదామె. అంతకు మించి వొక్కమాట అనలేదు. చంపేవాళ్ళలో మావాడూ వున్నాడు.

యిక మేష్టారి వాదం చూద్దాం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మొదట యు, ఏ అని రెండే తరగతులుండేవి. 1983లో యు/ఏ వచ్చి చేరింది. 2023 సవరణతో దాన్ని ఏడు, పదమూడు, పదహారు ఏళ్ళని మూడు ముక్కలు చేశారు. ఏ చిత్రానికి పిల్లవాణ్ణి రానిస్తే హాలువారిది నేరం. యు/ఏ అంకెలు అలాంటివి కావు. అవి తల్లిదండ్రులకు యిచ్చే సలహా. వాటిని అమలు జరపవలసింది తల్లిదండ్రులే తప్ప మరెవరూ కాదని ఆ సవరణలోనే రాసి వుంది. అంటే మేష్టారు చట్టం పేరు చెప్పి నన్ను బోనెక్కించారు గాని, ఆ చట్టమే న్యాయాధిపతి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి తన దారిన తాను వెళ్ళిపోయింది.

పోనీ, ఆ అంకె దేన్ని కొలుస్తోంది? 2015లో జేమ్స్ బాండ్ చిత్రం "స్పెక్టర్" మన దేశానికి వచ్చినప్పుడు సెన్సారు బోర్డు అందులోని ముద్దుల నిడివిని సగానికి కత్తిరించింది. చావుల నిడివిని సగం చెయ్యాలని ఎవరికీ తోచలేదు. బ్రిటనులో ముద్దుల జోలికి పోరు. అక్కడ పెద్దలు వెంటవుంటే పన్నెండేళ్ళలోపు పిల్లలనూ రానిచ్చే 12ఏ తరగతిని 2002లో పెట్టినప్పుడు దాన్ని మొదట పొందినది "బోర్న్ ఐడెంటిటీ" అనే గూఢచారి చిత్రమే. 2006లో "కాసినో రాయల్" అదే తరగతిలో పడడానికి చిత్రహింస దృశ్యాన్ని కాస్త తగ్గించారు. మన కొలత కన్నా యిది నయమని వొప్పుకుంటాను. కాని ఆ కత్తెర కూడా నెత్తురు చుక్కలనే లెక్కపెడుతుంది. చుక్క కనబడకపోతే ఎంతమందినైనా కూల్చవచ్చు. పిల్లల కోసమని శవం మీది నెత్తురు తుడిచేస్తే జరిగేదేమిటి? చావు పోదు, దాని బరువు పోతుంది. నెత్తురు లేని ముప్పై ఏడు చావులు తొమ్మిదేళ్ళవాడికి క్రికెట్టు స్కోరవుతాయి.

యీ విషయంలో మనవాడే వొకాయన కోర్టుకెక్కాడు. అభ్యుదయ రచయితల వుద్యమంలో, ప్రజానాట్య వుద్యమంలో పాలుపంచుకున్న ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ "నాలుగు నగరాల కథ" అని వొక చిన్న డాక్యుమెంటరీ తీశారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీలలో కలవారి విలాసాన్నీ, లేనివారి బతుకునూ పక్కపక్కన పెట్టి చూపించారు. బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు వున్నాయని బోర్డు దాన్ని ఏ తరగతిలో పడేసింది. 1970లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ సెన్సారు వుండవచ్చునన్నది. చలనచిత్రం తక్కిన కళలకన్నా గాఢంగా మనసును కదిలిస్తుందనీ, పిల్లల మీద దాని ప్రభావం చాలా ఎక్కువనీ కూడా అన్నది. ఆ మాటతో నాకు పేచీ లేదు. నా పేచీ త్రాసుతో. ఆకలిని చూపితే పెద్దలకు మాత్రమే! తుపాకిని చూపితే నాన్న చెయ్యి పట్టుకుని పిల్లలూ రావచ్చు!

చిత్రంలో ఎవరిని చూసి నవ్వమంటున్నారు, ఎవరి చావుకు చప్పట్లు కొట్టమంటున్నారు అనే ప్రశ్న యీ త్రాసుకు అందదు. 1983 నాటి "ఆక్టోపుస్సీ" కథ చాలా భాగం వుదయపూరులో నడుస్తుంది. జూదంలో గెలిచిన డబ్బును బాండ్ తన భారతీయ సహాయకుడి చేతిలో పెట్టి, కొన్ని వారాలపాటు నీ కూరకు సరిపోతుందిలే అని వేళాకోళమాడతాడు. ఆ మాటలో నెత్తురు లేదు, ముద్దు లేదు. కత్తెరకు చిక్కదు. ఆనాడు మన హాళ్ళలో ఆ మాటకు నవ్వినవారు కూడా వుండే వుంటారు. యీనాడు ఆ సహాయకుడి స్థానంలో మనం లేము. మన పొరుగువాణ్ణి నిలబెట్టి నవ్వుతున్నాం.

మేడమ్ గారి మాటలో నిజం లేకపోలేదు. మా పెదనాన్న 1966లో "గూఢచారి 116" చూసి వచ్చి పక్షం రోజులు వెదురుముక్కను తుపాకీ చేసుకుని తిరిగాడట. ఆయన ముప్పైయేళ్ళు పోస్టుమాన్ పని చేసి రిటైరయ్యాడు. ఎవరినీ కాల్చలేదు. నేనే మధుబాబు "షాడో" నవలలు తెలుగు వాచకం మధ్యలో పెట్టుకుని చదివి తొమ్మిదో తరగతిలో చెవి మెలి పెట్టించుకున్నాను. ఎం.ఏ. తెలుగు చదివానంటే పుస్తకం వదలకుండా చదివే అలవాటు ఆ నవలలు పెట్టినదే. (యీ మాట మా శాఖాధ్యక్షుల వారి కంట పడకుండుగాక!) అయితే పుస్తకంలో నేను వూహించలేనిది నన్ను దాటి పోయేది. భయం వేస్తే మూసేసేవాణ్ణి. తెర అలా ఆగదు. వూహించలేనిదాన్ని కూడా అదే వూహించి కళ్ళలో పోస్తుంది. పెదనాన్న ఆ చిత్రాన్ని వూరంతటితో కలిసి వొక్కసారి చూశాడు. యిప్పటి పిల్లవాడు ఆ వొక్క పోరాట దృశ్యాన్నే ఫోనులో వొంటరిగా యిరవైసార్లు చూస్తాడు. ఆట అన్నారు, ఒప్పుకున్నాను. కాని ఎప్పుడూ వొక్కడే చచ్చే ఆటను ఆట అంటారా మేడమ్?

తల్లిదండ్రుల మార్గదర్శనం అని చట్టం ఎంతో అందంగా అంటుంది. మా డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని తల్లి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి తెల్లవారకుండా వెళ్ళి దీపాలు పెట్టాక వస్తుంది. యింట్లో ఏడేళ్ళ తమ్ముడు, వాడి చేతిలో ఫోను. ఆ తల్లి యీ చిత్రం యు/ఏ ఎంతో చూసి, పక్కన కూర్చుని, ఆపి ఆపి వివరించాలా? 2021 నిబంధనలు పదమూడు ప్లస్, ఆపై చిత్రాలకు ఫోనుల్లో తాళం వుండాలన్నాయి. మా వీధిలో ఆ తాళం అంకె తండ్రులకు తెలియదు. పెట్టినవాడు కొడుకే! తీరికగల మధ్యతరగతి యింటి కోసం రాసిన సలహా యిది. నాకు ఆ తీరిక వుండి కూడా నేను నవ్వి వూరుకున్నాను.

పిల్లలకు వేరే చిత్రాలు తీయాలని 1955లో బాలల చలనచిత్ర సంఘాన్ని పెట్టారు. దాని ఏనుగు బొమ్మ పండుగ ఏళ్ళ తరబడి హైదరాబాదులో జరిగింది. 2017లో యిరవయ్యోది జరిగింది. 2022లో ఆ సంఘాన్ని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు. మావాడి వయస్సు పిల్లలకు మా పట్టణంలోని హాళ్ళలో గత ఏడాది ఏ చిత్రం ఆడిందని నన్నడిగితే చెప్పలేను. ఏ వయస్సుకు గూఢచారి చిత్రం అని తర్కించుకుంటున్నాం. ఆ వయస్సుకు మరొకటి లేదు గనకనే యీ తర్కం.

అయినా నా లెక్క చెప్పమంటే దాటవెయ్యను. పదేళ్ళలోపు పిల్లలకు యీ చిత్రాలు వద్దు. పదహారు అంకె వున్నది అయితే మరికొన్నేళ్ళు ఆగాలి. ఆ తరువాత కూడా పుట్టినరోజు చూసి తేల్చను. తరగతిలో మేము భారతకథను కర్ణుడి వైపునుంచి చెప్పమని విద్యార్థులను అడుగుతాం. చెప్పగలిగినవాడికి కథ అర్థమైనట్టు. తెరమీద పేరైనా లేకుండా పడిపోయిన కాపలావాడి వైపునుంచి ఆ చిత్రం కథ చెప్పరా అని పిల్లవాణ్ణి అడగాలి. తడుముకుంటూనైనా చెబితే పక్కన కూర్చుని మరొకటి చూడవచ్చు. అంకె మాత్రమే చెబితే యింకా సమయం వుంది. కొందరు పెద్దలకూ యీ పరీక్ష పెట్టవచ్చు గాని, వారి టిక్కెట్టు వారే కొనుక్కుంటారు.

మావాడు నా ప్రశ్నకు తెల్లమొహం వేశాడు. యింకో రెండేళ్ళు ఆ రకం చిత్రాలు లేవన్నాను. రెండురోజులు అన్నం దగ్గర మూతి ముడుచుకున్నాడు. వాళ్ళమ్మ ఫోను చేసి ఆ పిల్లవాణ్ణీ, వాడి తల్లినీ ఆదివారం మా యింటికి పిలిచింది. పెద్దవాళ్ళం వరండాలో టీ తాగుతూ వుండిపోయాం; పిల్లలిద్దరూ పెరట్లో అదే ఆట ఆడారు. మావాడు రెండుసార్లు చచ్చాడు. మూడోసారి వొప్పుకోలేదు.